మొదటి నీళ్లు

హిసానోకి రెండు దారులే కనిపించాయి. తను కొండ దిగి అత్తవారింటికి తిరిగి వెళ్లడం, లేదంటే కూతురు నవో చదువు మానేసి ఆ ఇంటికి వెళ్లడం.

భర్త పోయాక ఆమె ఈ కొండమీది సన్యాసినుల మఠంలో చేరి మూడేళ్లయింది. ఇప్పుడు కింద ఊళ్లో మామగారు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఆయనకి అన్నీ చేస్తూ వచ్చిన పెద్దకోడలు, అంటే బావగారు గెంజో భార్య, కిందటేడు తనే ముందు పోయింది. ఇక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరు మగవాళ్లు. అది చెప్పడానికే గెంజో మంచులో పడి కొండెక్కి వచ్చాడు.

తడిసిన మేజోళ్లతో వసారాలో కూర్చుని చెప్పుకొచ్చాడు. ఇంటికి ఆడదిక్కు లేకుండా పోయిందన్నాడు. హిసానో రాకపోతే పిల్లని పిలిపిస్తానని, ఇంటి పెద్దగా ఆ హక్కు తనదేనని అన్నాడు.

నవో పట్నంలో కాలేజీలో ఉంది. ఇంకో ఏడాది ఉంది చదువు. పడమటి దేశాల నవలలు చదువుతుంది. ఆ కథల్లోనూ తండ్రి కుర్చీ వెనకాలే కూతుళ్లు నిలబడి ఉంటారమ్మా, మనింట్లో లాగే, అని ఆమధ్య ఉత్తరం రాసింది.

"తెల్లవాళ్ల కథలు చదివి ఏ రాజ్యం ఏలాలి?" అన్నాడు గెంజో. "తాతకి గంజి తాగించడం నేర్చుకుంటే రేపు అత్తారింట్లో పనికొస్తుంది."

హిసానో తల వంచుకుని విని, లేచి గురువమ్మ దగ్గరికి వెళ్లింది. మ్యోరిన్ గురువమ్మకి ఎనభై దాటాయి. చిరిగిన కిటికీ కాగితానికి అతుకు వేస్తోంది.

"నేనే వెళ్తానమ్మా. పిల్ల చదువు నిలబడుతుంది. తల్లిని కదా. సెలవివ్వండి."

ఆ మాట అన్నాక గుండె కాస్త తేలికపడింది. తన్ను తాను ఇచ్చేసుకోవడం ఆమెకి చేయి తిరిగిన పని. అందులో లోలోపల కొంచెం గొప్ప కూడా ఉంది.

గురువమ్మ అతుకు మీద వేలితో నిమిరింది. ఇవాళ స్నానాల రోజు కదూ, అని అడిగింది. అవునని, తొట్టి కాగిందని, వచ్చినాయన్ని ముందు పంపనా అని హిసానో అంది.

"నువ్వు వెళ్లు ముందు."

వాళ్ల దేశంలో ఇంటిల్లిపాదీ ఒకే తొట్టి నీళ్లు వాడుకుంటారు. బయటే ఒళ్లు రుద్దుకుని కడుక్కుని, తర్వాత వేడినీళ్లలో దిగి కూర్చుంటారు. ముందు ఇంటి పెద్ద, ఆపైన కొడుకులు, అందరికంటే చివర కోడలు. ఇరవయ్యారేళ్లు హిసానో ఆ చివరి నీళ్లే ఎరుగును. మఠంలో వంతులున్నా, తన వంతు ఎవరో ఒకరికి ఇచ్చేసి చివరికే వెళ్లేది. ఎంత వినయమో అని తోటివాళ్లు మెచ్చుకునేవారు. గురువమ్మ మాత్రం ఏనాడూ మెచ్చుకోలేదు.

"ఇంట్లో అతిథి ఉండగానా అమ్మా?"

"అతిథిని నేను చూసుకుంటాను."

గంగాళం లాంటి ఇనప తొట్టి అది. కింద పొయ్యి. పొయ్యి నోరు చెక్కగోడకి అవతల, ఆరుబయట ఉంటుంది. హిసానో మూత తీసి చూసింది. తేట నీళ్లలోంచి అడుగున పరిచిన పలక గీతలతో సహా కనబడుతోంది. తొట్టి కడగడానికి వంగినప్పుడు తప్ప ఆ అడుగు ఆమె చూడలేదు. ఎవరి చోట్లోనో కూర్చున్నట్టు, మోకాళ్లు దగ్గరికి లాక్కుని దిగింది.

గోడ అవతల అడుగుల చప్పుడయింది. గురువమ్మ గెంజోని చలి కాచుకోమని పొయ్యి దగ్గరికి తీసుకొచ్చింది. ఊరికే కూర్చోకుండా పుల్లలు వేస్తుండమంది. ఈ పని పుట్టి బుద్ధెరిగి చెయ్యలేదన్నాడు గెంజో.

"ఏముంది నాయనా. పుల్ల వెయ్యడం, లోపలి మనిషిని వేడి సరిపోయిందా అని అడగడం. అంతే."

లోపల ఎవరో పెద్ద సన్యాసిని ఉందనుకున్నాడు కాబోలు. గొంతు సవరించుకున్నాడు.

"వేడి సరిపోయిందాండీ?"

ఆ ప్రశ్న హిసానోది. అత్తవారింట్లో, కళ్లలో పొగ పడుతుంటే గోడ బయట గొంతుక్కూర్చుని మామగారిని, ఈ గెంజోని, భర్తని వరసగా అడిగేది. ఊఁ అనేవారు. లేకపోతే, కట్టెలు అయిపోయాయా అనేవారు. ఆమె వంతు వచ్చేసరికి పొయ్యిలో బూడిదే. అడగడానికి బయట ఎవరూ ఉండేవారు కాదు.

ఇప్పుడు ఒకరు అడిగారు. తనకి ఎంత వేడి ఇష్టమో తనకి తెలియదు. గడ్డం దాకా నీళ్లలోకి జారి, చేతులు విప్పి, నిదానంగా చూసుకుంది.

"సరిపోయిందాండీ?" మళ్లీ అడిగాడు.

"చాల్లేదు."

"హిసానో? లోపలున్నది నువ్వా?"

"నేనే బావగారూ."

తను చలికి కొయ్యబారిపోతుంటే మరదలు ముందు దిగడమేమిటని గెంజో గొణిగాడు. తర్వాత గొంతు పెంచాడు. "సరే, తొందరగా కానియ్యి. చీకటి పడకముందే కొండ దిగాలి. నువ్వొస్తావా, పిల్లని పిలిపించనా? అది తేల్చు."

హిసానో వెనక్కి వాలింది. ఇనుము వీపుకి చురుక్కుమంది. ఆమె ముందుకి జరగలేదు.

"నేను రాను. నవో రాదు."

"మరి నాన్నకి ఎవరు చేస్తారు?"

"మామగారికి ఇద్దరు కొడుకులు పుట్టారు. ఒకరు బతికే ఉన్నారు."

కాలేజీకి ఒక్క ఉత్తరం ముక్క రాస్తే పిల్లని వాళ్లే పంపించేస్తారన్నాడు గెంజో.

"రాయండి. మీ ఉత్తరం చేరేసరికి నేను ఆ కాలేజీ గుమ్మంలో ఉంటాను."

గెంజో గురువమ్మ వైపు తిరిగినట్టున్నాడు.

"విన్నారా తల్లీ, మీ శిష్యురాలు ఏమంటోందో?"

"విన్నాను నాయనా," అంది గురువమ్మ. "వేడి చాల్లేదంటోంది."