మడుగు పాఠం ఎవరు రాశారు?

గుట్ట కింద జంతువుల బడిలో ఆ ఏడు కొత్త పద్ధతి వచ్చింది. ఏనుగు అలివేలు టీచరు ఒక్కో జట్టుకు ఆన్‌లైన్‌లో ఒక్కో ఉమ్మడి ఫైలు తెరిచి ఇచ్చింది. ఎవరి చోట వాళ్లు కూర్చుని ట్యాబ్‌లో రాయొచ్చు. ఒకరు రాసింది మిగతావాళ్లకు అప్పటికప్పుడే కనిపిస్తుంది.

"ఈ ఏడు పరీక్ష ఇదే. కలిసి రాయండి, ఒకరి తప్పు ఒకరు దిద్దుకోండి. మార్కులు మాత్రం ఎవరి పనికి వాళ్లకే," అంది టీచరు.

వేసవిలో మడుగు ఎండకుండా ఏం చెయ్యాలో రాయడం ఒక జట్టు వంతు. జట్టులో ముగ్గురే: ఎద్దు సోమన్న, కోడి పుల్లమ్మ, తనను తానే నాయకుడిగా ఎన్నుకున్న నక్క జగ్గారావు.

సోమన్న అప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పాడు. మూడోసారీ తప్పితే బడి మానేసి గానుగ తిప్పాల్సిందేనని వాళ్ల నాన్న తేల్చేశాడు. అందుకని రోజూ మేత ముగించి, నెమరు వేస్తూ ఆలోచించి, ఒక్కో మాటా కొట్టేవాడు. గిట్ట పెద్దది, అక్షరాలు చిన్నవి. ఒక మాటకు నాలుగు తప్పులు.

పుల్లమ్మ ముక్కుతో టకటకా పొడిచి వాటిని దిద్దేది. ఊరికే దిద్ది వదిలేదా? "పూడిక మధ్యలో లోతుగా తియ్యాలి" అని అతను రాస్తే, పక్కనే "ఎందుకు?" అని రాసేది.

"ఎందుకేమిటే? నీళ్లు వెడల్పుగా పరుచుకుంటే ఎండ తాగేస్తుంది. లోతుంటే నిలుస్తాయి."

"ఆ మాట నాకు చెబితే ఏం లాభం సోమన్నా? ఫైల్లో రాయి!"

అలా తొమ్మిది రోజుల్లో పాఠం తయారైంది. జగ్గారావు ఒక్కరోజూ ఫైలు తెరవలేదు. అడిగితే, "నేను పర్యవేక్షిస్తున్నానోయ్," అనేవాడు.

పదో రోజు పొద్దున్నే తెరిచాడు. ప్రతి భాగం కింద ఉన్న పేర్లు చెరిపి, అన్నిచోట్లా "రచన: జగ్గారావు" అని పెట్టుకుని చక్కా పోయాడు. పుల్లమ్మ ట్యాబ్‌లో ఆ చెరపడమంతా కళ్లముందే జరిగింది.

ఆమె చూపించగానే సోమన్న గిట్టతో నేల తన్నాడు. "సొమ్మొకడిది, సోకొకడిదా? నా బతుకు గానుగపాలే! పద, టీచరమ్మకు చెబుదాం."

"చెబితే వాడు నీకంటే తియ్యగా చెబుతాడు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అన్నా? నన్నూ ఒక పేరా రాయనీ," అని పుల్లమ్మ చిట్టచివర, నక్క పేరుకు సరిగ్గా పైన, మూడు వరసలు పొడిచింది. "చదివితే తీసేస్తాడు. వాడు చదివే రకమా?"

తరగతిలో టీచరు పాఠాన్ని తెర మీద చూపించింది. "ఇదంతా నువ్వొక్కడివే రాశావా, జగ్గారావూ?"

"ప్రతి అక్షరమూ నాదే టీచర్‌గారూ. పాపం, వీళ్లకేం వచ్చు?"

"చివరి పేరా కూడానా?"

"దానికే ఎక్కువ శ్రమపడ్డానండి!"

టీచరు గొంతెత్తి చదివింది: "ఇది వట్టి మాటల పాఠం కాదు. దీన్ని రాసిన వ్యక్తి ఇవాళే మడుగులోకి దిగి, ఎవరి సాయమూ లేకుండా నలభై తట్టల పూడిక తీసి చూపిస్తాడు."

తరగతి గొల్లుమంది. కోతులైతే బల్లలెక్కి చప్పట్లు.

"అది నాది కాదండీ! ఆ కోడి రాసుంటుంది!"

"ప్రతి అక్షరమూ నీదేనన్నావుగా? మిగతాదైనా నీదేనేమో చూద్దాం," అంటూ టీచరు ఫైలు చరిత్ర తెరిచింది. ఎవరు ఏ రోజు ఏం రాశారో, ఏం చెరిపారో, అంతా వరసగా తెర మీదికి వచ్చింది. తొమ్మిది రోజులూ సోమన్న పేరే. ఒక్క "పూడిక" అన్న మాటనే ఆరుసార్లు కొట్టి, ఏడోసారి సరిగా రాశాడు. పక్కన పుల్లమ్మ దిద్దుబాట్లు, ప్రశ్నలు. పదో రోజు నక్కగారి పని: నాలుగు పేర్లు చెరపడం, నాలుగుచోట్ల తన పేరు పెట్టడం. ఆ తర్వాత పుల్లమ్మ మూడు వరసలు.

"సోమన్నా, ఆరుసార్లు తప్పి ఏడోసారి నేర్చుకున్నవాడివి. నువ్వు కాక ఇంకెవరు పాసవుతారు? జట్టులో మొదటి మార్కు నీదే. రెండోది పుల్లమ్మది," అంది టీచరు.

సోమన్న వేసిన రంకెకు గుట్ట అవతల గానుగ దగ్గరున్న వాళ్ల నాన్నకు కూడా సంగతి తెలిసిపోయింది.

"మరి నేను?" అన్నాడు జగ్గారావు, తోక ముడిచి.

"నీకు తట్ట ఇస్తాను నాయనా."

బడి బడంతా మడుగు గట్టు మీదికి చేరింది. పుల్లమ్మ లెక్క పెడుతోంది. "పన్నెండు... ఒరేయ్, అది సగం తట్టేరా, లెక్కలోకి రాదు!"

"గట్టు పక్కన కాదు తమ్ముడూ, మధ్యలో," అన్నాడు సోమన్న తాపీగా. "ఎందుకో పాఠంలో ఉంది, చదువుకో."

మెడదాకా బురదలో ఉన్న జగ్గారావు పన్నెండో తట్టను మళ్లీ నింపుకున్నాడు.

పరాయి రాతకు తన పేరు పెట్టుకున్నవాడు అందులోని చాకిరీని కూడా తలకెత్తుకోవాలి.