జారు మధ్యలో పేరు

దస్తగిరి సన్నాయి పట్టి ఇరవై ఏళ్ళయింది. అద్దంకి చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా ముందు అతనికే కబురు. అలాంటివాడు పొద్దున్నే మొహం మాడ్చుకుని గురువు మౌలాలి ఇంటికొచ్చి, ఒక కాగితం ఆయన ముందు పెట్టాడు.

"ఏందిరా ఇది?"

"ఫిర్యాదు గురువుగారూ. బళ్ళో కరుణమ్మ అని పాటల టీచరు ఉంది గదా. నా రికార్డు పిల్లలకి వేస్తందంట. నన్ను అడగలా, చెప్పలా. హెడ్‌మాస్టరుకిస్తా. మీరూ ఓ సంతకం పెట్టండి."

కరుణమ్మది ఏడాదికేడాది మళ్ళీ రాయించుకునే ఉద్యోగం. ఆ కాగితం చేరితే వచ్చే ఏడు ఆమె బళ్ళో ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఎంత వేస్తంది?" అన్నాడు మౌలాలి.

"ఎంతైతే ఏంది? పోయినేడు కల్యాణమండపం వాళ్ళు నన్ను పిలవకుండా, నా రికార్డు మొత్తం పెట్టుకుని పెళ్ళి కానిచ్చారు. అప్పుడు మీరే నాతో వచ్చి నిలదీశారు గదా."

"వచ్చా. పద, ఇక్కడికీ వస్తా."

బళ్ళో కరుణమ్మ వాళ్ళని చూసి లేవబోయింది. మౌలాలి చెయ్యెత్తి వద్దని, తను పోయి పిల్లల మధ్యన నేల మీద చతికిలబడ్డాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. దస్తగిరి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, సన్నాయి సంచి చంకలో.

ఆమె ఫోన్లో రికార్డు పెట్టింది. అరనిమిషం కూడా లేదు. మోహన రాగం పైకి పోయి, పై నుంచి ఒక్క ఊపిరిలో కిందికి జారే చోటు. అంతే, ఆపేసింది.

"ఎవరిది ఇది?" అని పిల్లల్ని అడిగింది.

"దస్తగిరి గారిది," అన్నారు పిల్లలు.

"ఆ జారు అనండి."

పిల్లలు అందుకున్నారు. బానే పోయారు పైకి. జారు సగంలోకొచ్చాక అందరూ ఒక్కసారే ఆగి, బుద్ధిగా, "దస్తగిరి సన్నాయి మేళం, అద్దంకి" అని, మిగతా సగం పాడారు.

దస్తగిరికి చెవులు వేడెక్కాయి. మండపం గొడవయ్యాక, ఇంకెవరూ ఎత్తుకుపోకుండా ఆ మాట రికార్డులో అక్కడక్కడా తనే చెప్పి కలిపించాడు. ఎక్కడ పడిందో చూసుకోలా.

"అది పాటలోది కాదని రోజూ చెప్తన్నానండి," అంది కరుణమ్మ తల దించుకుని. "వేరేది పెడదామంటే ఈ జారు ఇంత తేటగా ఇంకెవరిదీ దొరకలా."

మౌలాలి గొంతు సవరించుకున్నాడు. "నాకూ అందలా. ఇంకోసారి వెయ్యి తల్లీ."

ఆమె వేసింది. ముసలాయన పిల్లలతో కలిసి పైకి పోయాడు, సగం జారాడు, ఆగాడు. వాళ్ళ మాదిరే చేతులు కట్టుకుని "దస్తగిరి సన్నాయి మేళం, అద్దంకి" అన్నాడు. వెనక్కి తిరిగి కూడా చూళ్ళా.

"బానే పాడావు తాతా," అంది పక్క పిల్ల.

దస్తగిరికి ఆ జారు నేర్పింది ఆ గొంతే. ఆరు నెలలు పట్టింది. రోజూ ఆ ఒక్క ముక్కే, ఒక్కనాడూ విసుక్కోకుండా.

అతను చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. సంచి విప్పి, ఊదే పీకని నోట్లో తడుపుకుని సన్నాయికి బిగించాడు. ఆ ముక్క ఊదాడు. పైకి, కిందికి, మధ్యలో ఏమీ లేకుండా. పిల్లలు సగంలో నోళ్ళు తెరిచి, ఆ మాట రాకపోయేసరికి అతని వంకే చూస్తా ఉండిపోయారు. రెండోసారి ఊదితే వాళ్ళూ అడుగుదాకా దిగారు.

"టీచరమ్మా, ఆ ఫోను ఇటు పెట్టండి. ఇది రికార్డు చేసుకోండి."

ఆమె పెట్టింది. ఊదడం అయ్యాక భయంభయంగా అడిగింది. "దీన్ని ఎన్నాళ్ళు వేసుకోవచ్చండి?"

దస్తగిరి గురువు వంక చూశాడు. ఆయన పక్క పిల్లతో ఏదో కబుర్లలో ఉన్నాడు.

"వాళ్ళకి వచ్చేదాకా," అన్నాడు దస్తగిరి.