ఏడుగురు కాపలావాళ్ల దారి

అతని దగ్గర మొదట పన్నెండు గాడిదలు ఉండేవి. ఇప్పుడు ఒక్కటి మిగిలింది.

కోటలో విషజ్వరం. లోపల అతని చెల్లెలు మంచం పట్టింది. కోటలోకి దారి ఒక్కటే, గోడ కడుపులోంచి పోయే చీకటి సొరంగం. అందులో పది అడుగులకొకడు చొప్పున ఏడుగురు కాపలావాళ్లు. ఒక్కొక్కరికి ఒక్కో ఆజ్ఞ. ఆజ్ఞకు సరిపడనిదాన్ని పక్కనున్న గోతిలోకి తోసేస్తారు. చప్పుడు రాదు, కబురు రాదు. అవతల తేలితే బురుజు మీద జెండా ఎగరాలి. మందుమూటలతో పదకొండు గాడిదలు వెళ్లాయి. పదకొండుసార్లూ జెండా ఎగరలేదు.

సొరంగం కట్టిన ముసలి మేస్త్రీ గుమ్మం దగ్గరే కూర్చుని ఉంటాడు. గాడిదలవాడు అతని ముందు చతికిలబడ్డాడు.

"తాతా, ఏడుగురిలో ఎవరో ఒకరి ఆజ్ఞ తప్పు. ఎవరిదో తెలిస్తే రాజుగారి కాళ్లు పట్టుకుని దిద్దించుకుంటాను. ఒక్కొక్కరికి ఒక గంట ఇవ్వు. తోసినప్పుడు మోగిస్తారు."

"ఒక చేతిలో ఈటె, రెండో చెయ్యి తోయడానికి. గంట దేంతో మోగిస్తాడురా, పళ్లతోనా?"

"పోనీ, గోడకొక కన్నం పెట్టు. నేనే చూసుకుంటాను."

"ఒకసారి పెట్టాను. దొంగలు అందులోంచి చూసి దారి నేర్చుకున్నారు. అప్పుడు కాపలావాళ్లు ఎనిమిదిమంది. ఎనిమిదోవాడు నా కొడుకు." మేస్త్రీ మొహం తిప్పుకున్నాడు. "ఏం చూసుకున్నా బయటినుంచే చూసుకో."

"బయటినుంచి చూస్తే పోయాయని తెలుస్తుంది. ఎక్కడ పోయాయో తెలియదు గదా."



గాడిదలవాడు మిగిలిన మందును రెండు మూటలు చేశాడు. ఒకటి ఆఖరి గాడిద మీద వేసి, దాని నడుముకు తాడు కట్టి వదిలాడు. తాడు ముప్ఫై అడుగులు సాగి వదులైంది. లాగితే కోసిన కొస వచ్చింది.

"మూడోవాడు," అన్నాడు లేచి నిలబడి.

"మందును చూసి ఆపాడా? తాడును చూసి ఆపాడా?"

గాడిదలవాడు ఆ కొసను చేతిలో తిప్పి చూసి కింద పడేశాడు. తర్వాత రెండో మూటను భుజానికెత్తుకున్నాడు.

"తాతా, అడుగులు పైకే లెక్కపెడుతూ పోతాను. లెక్క ఎక్కడ ఆగిందో రాజుగారికి చెప్పు."

"డెబ్బై దాటినా వినబడితే?"

"జెండా వైపు చూడు."

మేస్త్రీ తను కట్టిన గోడకు చెవి ఆనించాడు. గాడిదలవాడు చీకట్లోకి కాలెత్తి, ఒకటి అనడానికి నోరు తెరిచాడు.