ఫోన్ గుర్తుపట్టిన గడ్డం

ఇది చాలా చిన్న కథ. పొయ్యి మీద పాలు పెట్టి వినొచ్చు, పొంగేలోపు అయిపోతుంది. అయితే ముందు ఆ రాజ్యం గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఉత్తర సరిహద్దులో ఒకరు తుమ్మితే దక్షిణ సరిహద్దులో వాళ్లు ‘చిరంజీవ’ అంటారు. అంత రాజ్యం. దానికి పదకొండు మంది మంత్రులు. అందులో తొమ్మిది మంది రాజుగారి బావమరుదులే. పదో ఆయన ఎవరి తాలూకో ఇప్పటికీ తేలలేదు. పదకొండో ఆయన కోశాధికారి. సరే, పాలు చూసుకోండి.

రాజు జయధ్వజుడికి మారువేషంలో తిరిగి, జనం తన గురించి ఏమనుకుంటున్నారో వినాలని సరదా. వేషం వేసేవాడు అసిరయ్య. గడ్డాలు, మీసాలు, పులిపిరులు అతికించడం తప్ప అసిరయ్యకు వేరే విద్య రాదు. ఇంట్లో తినే నోళ్లు ఏడు.

ఆ రోజు రాజు కోపంగా కొలువుకి వచ్చాడు.

“ఏమయ్యా అసిరయ్యా, నిన్న బైరాగి వేషంలో సంతకెళ్లి బజ్జీలు తిన్నాను. బజ్జీల సూరమ్మ నాకు సాష్టాంగపడింది! అతికించావా గడ్డం, ఊరికే తగిలించావా?”

“డబ్బులెలా ఇచ్చారు ప్రభూ?”

“నా బంగారు కార్డు ఇచ్చాను.”

ఆ కార్డు మీద రాజుగారి బొమ్మ, బిరుదులు చెక్కి ఉంటాయి. బిరుదులు ఒక పక్క సరిపోక వెనక పక్క కూడా చెక్కారు.

“బైరాగి దగ్గర బంగారు కార్డు చూస్తే ఎవరైనా దొంగ అనుకోవాలి ప్రభూ. సూరమ్మ మంచిది కాబట్టి రాజనుకుంది.”

కొలువంతా నేల చూసింది. అసిరయ్య ఆపలేదు. “సంతలో ఇప్పుడు అందరూ ఫోన్ చూపించి డబ్బులిస్తున్నారు. మీరూ అలాగే ఇవ్వండి.”

కోశాధికారి భోగలింగానికి కడుపు మండింది. రాజుగారి వెనక ఆ కార్డు మోయడమే ఆయన హోదా. అయినా తేనెలాగా నవ్వాడు.

“దివ్యమైన ఆలోచన ప్రభూ! ఖజానా అంతా ఫోన్‌లోకి మార్చేస్తాను. రహస్య సంఖ్య పెడితే ఎవరైనా తొంగి చూస్తారు. అందుకని ముఖం చూస్తేనే తెరుచుకునేలా పెడతాను. ఒకే ఒక్క ముఖం. రేపు పొద్దున్నే ఒకసారి చూపిస్తే చాలు.”

“భేష్,” అన్నాడు రాజు. “అసిరయ్యా, రేపు కూడా నన్నెవరైనా గుర్తుపట్టారో, నీకీ కొలువులో పని లేదు.”

భోగలింగం లెక్క సులువు. గడ్డం ఉంటే ఫోన్ తెరుచుకోదు. గడ్డం పీకితే రాజు దొరికిపోతాడు. ఎటైనా అసిరయ్య ఇంటికి. ఈ రహస్యాన్ని ఆయన రాజుగారి బావమరుదుల్లో ఆరుగురికి మాత్రమే చెప్పాడు.

మర్నాడు రాజు ఉల్లిపాయల వర్తకుడి వేషంలో సంతకెళ్లాడు. భోగలింగం గాజుల కొట్టు చాటున నక్కాడు. రాజు బజ్జీలు తిన్నాడు, ఫోన్ ఎత్తి ముఖానికి పెట్టాడు.

తెరుచుకుంది.

‘అరవై రూపాయలు అందాయి’ అని సూరమ్మ బండి మీద డబ్బా అరిచింది. డబ్బా అరిస్తే చాలు, ఎవరిచ్చారో సూరమ్మ చూడదు.

“మీ రాజు ఎలాంటివాడమ్మా?” అన్నాడు రాజు.

“తిండిపోతు బాబూ. మొన్న బైరాగి వేషమేసుకుని పన్నెండు బజ్జీలు తిని, తొమ్మిదే అన్నాడు.”

పుట్టి బుద్ధెరిగాక రాజును ఎదురుగా తిట్టినవాళ్లు లేరు. వేషం అంత బాగా కుదిరిందని ఆయన పొంగిపోతూ కొలువుకి వచ్చాడు.

“అదెలా తెరుచుకుంది?” అని భోగలింగం గింజుకున్నాడు.

“పొద్దున గడ్డం అతికించాకే ఫోన్‌కి ముఖం చూపించాం అయ్యగారూ,” అన్నాడు అసిరయ్య.

రాజు ఫక్కున నవ్వి, గడ్డం పీకి పారేసి, “అసిరయ్యకు వెయ్యి రూపాయలు!” అంటూ ఫోన్ ఎత్తాడు. తెరుచుకోలేదు. కిరీటం పెట్టాడు. తీశాడు. పక్కకు తిరిగాడు. ఈయనెవరో నాకు తెలీదంది ఫోన్.

“ఖజానా అంతా ఇందులోనే ఉందిరా భోగలింగం!”

అసిరయ్య నేల మీది గడ్డం తీసి దులిపాడు.

“కంగారెందుకు ప్రభూ? డబ్బు కావాలన్నప్పుడల్లా నేనొచ్చి అతికిస్తాను.”

ముందు బావమరుదులు నవ్వారు, తరవాత రాజు నవ్వాడు. గడ్డం అతికించారు, వెయ్యి అందాయి.

“ప్రభూ! ఇప్పుడు ఫోన్ తెరిచే ఉంది,” అని అరిచాడు భోగలింగం. “గడ్డం తీసి అసలు ముఖం చూపిస్తే అర నిమిషంలో మార్చేస్తాను!”

పక్కన కూర్చున్న రాణిగారు రాజు వంక కాసేపు చూశారు.

“గడ్డమే బాగుంది. ఉండనివ్వండి,” అన్నారు.

ఉండనిచ్చారు.