ఏరు కనిపించే గూడు

అనగనగా ఒక అడవి అని మొదలుపెడదామంటే, ఆ అడవిని పట్నం ఎప్పుడో మింగేసింది. మిగిలింది ఏటి గట్టున ఒక ముసలి తుమ్మచెట్టు. దాని నిండా గిజిగాళ్ల గూళ్లు.

గిజిగాళ్ల పెళ్లి ఎలా జరుగుతుందో తెలుసా పిల్లలూ? మగపిట్ట గూడు సగం అల్లి పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి, తలకిందులుగా వేలాడి, ముక్కుతో మూడుసార్లు గట్టిగా లాగి చూస్తుంది. నచ్చితే పెళ్లి. నచ్చకపోతే పాపం అతగాడు ఇంకో గూడు మొదలుపెట్టాల్సిందే. విడిచిన గూడు మాత్రం నిలువ నీడ లేనివాళ్లది. దాన్ని తెంచాలన్నా అల్లిన ముక్కే తెంచాలి. తాతలనాటి నుంచి ఆ చెట్టు పద్ధతి అది.

సింగన్న అనే కుర్ర గిజిగాడు నిరుడు విడిచిన గూట్లో గవరమ్మ ఉండేది. గవరమ్మ జీనువాయి, పిచ్చుక కన్నా చిన్న పిట్ట. మొగుడు లేడు. రెక్కలు రాని పిల్లలు ముగ్గురు.

ఒకరోజు పట్నం నుంచి రత్తయ్య అనే గోరింక వచ్చాడు. అతని కాపురం ఒక మేడ గోడ కన్నంలో. నోరు తెరిస్తే గట్టంతా వినాల్సిందే.

"ఎంత వెర్రివాళ్లయ్యా మీరు," అన్నాడు. "ఎదురుగా అంత ఏరు పెట్టుకుని గూళ్లన్నీ గట్టు వైపు కడతారా? పాతవన్నీ తెంచేయండి. ఏటి వైపు కొత్తవి అల్లండి. ఏరు కనిపించే గూడంటే పట్నం పిట్టలు ఎగబడతాయి. వాటికి తలా ఒక గూడు ఇస్తే చాలు, ఏడాది పొడుగునా మీకు గింజలు తెచ్చిపెడతాయి."

గవరమ్మ మెల్లగా అడిగింది. "మరి నా సంగతేంటి, బాబూ?"

"నీకూ కొత్త గూడు ఇస్తాం."

"ఎప్పుడు?"

"అందరివీ అయ్యాక."

"అంతదాకా పిల్లల్ని ఎక్కడ పెట్టుకోను?"

"కింద గడ్డి లేదూ? నాలుగు రోజులు సర్దుకో."

ఆ గడ్డిలో పాములుంటాయని గవరమ్మకి తెలుసు. రత్తయ్యకీ తెలుసు.

మొదటి రోజు పెద్ద గిజిగాడు పోలయ్య తన పాత గూళ్లు తెంచేశాడు. రెండో రోజు మిగతావాళ్లు తెంచారు. మూడో రోజుకి గట్టు వైపు గవరమ్మ ఉన్న గూడు ఒక్కటే మిగిలింది.

"ఆ ఒక్క పాత గూడు చూసి పట్నం పిట్టలు వెనక్కి పోతున్నాయి," అన్నాడు రత్తయ్య. "తెంచు సింగన్నా. ఏటి వైపు మంచి కొమ్మ నీకే. మంగతాయి నిన్ను కాదంటుందా ఇంక?"

మంగతాయి పేరు చెబితే సింగన్న కరిగిపోతాడు. నిరుడు గూడు బాగాలేదని వెళ్లిపోయింది ఆమే. అతను వెళ్లి ఒక నార లాగాడు. రెండో నార లాగాడు. మూడోది పట్టుకునేసరికి గూడు కదిలింది. లోపల ఒక పిల్ల, అమ్మ వచ్చిందనుకుని, సింగన్న ముక్కు ముందు నోరు తెరిచింది.

సింగన్న మూడో నార వదిలేశాడు. తర్వాత ఒక గింజ తెచ్చి ఆ నోట్లో పెట్టాడు. తెంచిన రెండు నారలూ మళ్లీ అల్లేశాడు.

"అయితే నీకు ఏటి వైపు చోటు లేదు," అన్నాడు పోలయ్య.

సింగన్న గట్టు వైపే, గవరమ్మ పక్కన, తన గూడు అల్లుకున్నాడు. ఏటి వైపు పెళ్లిళ్లు జోరుగా జరిగాయి. అక్కడ ఎవరూ గూడు లాగి చూడలేదు. "లాగితే కొత్త గూడు సాగిపోతుంది. ఊరికే ఏరు చూడండి," అన్నాడు రత్తయ్య. చూశారు, మురిసిపోయారు.

చివరికి మంగతాయి వచ్చింది. సింగన్న గూటిని ఒకటి, రెండు, మూడు సార్లు లాగింది. గూడు కదలలేదు.

"ఇక్కడి నుంచి ఏరు కనబడదు మరి," అన్నాడు సింగన్న దిగులుగా.

"నీళ్లు తాగాలంటే ఎగిరి వెళ్తాను. గుడ్లు పెట్టాల్సింది గూట్లో కదా," అంది మంగతాయి. సింగన్న మురిపెం చూడాలి ఆ రోజు.

వారం తిరక్కుండా వానాకాలం గాలి వచ్చింది. అది ఎప్పుడూ ఏటి మీద నుంచే వస్తుంది. గట్టు వైపు కొమ్మలకు చెట్టే అడ్డం నిలబడుతుంది. తాతలు అక్కడ ఎందుకు కట్టారో అప్పుడు అందరికీ తెలిసింది. ఏటి వైపు గూళ్లు ఒక్కొక్కటే తెగి నీళ్లలో పడ్డాయి. ఇంకా గుడ్లు పెట్టలేదు, అదే అదృష్టం.

రత్తయ్య కోసం చూశారు. అతను తన గోడ కన్నంలో వెచ్చగా పడుకున్నాడు.

పోలయ్య తడిసి ముద్దై, వణుకుతూ, గవరమ్మ గూటి పక్క కొమ్మ మీద వాలాడు. గవరమ్మే పిల్లల్ని ఒక పక్కకి జరిపింది.

"లోపలికి రా బాబూ," అంది.

"నీ గూడు తెంచలేదని సింగన్నకి చోటు లేదన్నవాణ్ణి నేను," అన్నాడు పోలయ్య తల దించుకుని.

"విడిచిన గూడు నిలువ నీడ లేనివాళ్లది కదా. మీ తాతలు పెట్టిన పద్ధతే," అంది గవరమ్మ. "కొంచెం ఇరుకు. సర్దుకో."

నీతి: ఇంకొకరి గూడు నిలిపినవాడు తన నీడనూ నిలుపుకుంటాడు.