నొప్పి లేని చోటు

శిష్యులు ఏ ప్రశ్న అడిగినా సీతారావమ్మగారు ముందు "తిన్నావా?" అంటారు. తిండి ముగిసేలోపు సగం ప్రశ్నలు వాటంతటవే సద్దుమణుగుతాయని ఆవిడ నమ్మకం. మంగతాయారు ప్రశ్న మాత్రం సద్దుమణగలేదు.

"అమ్మగారూ, నాకిప్పుడు ఏదీ అంటడం లేదండి. మంచంలో మా అక్క మూలుగుతుంటే గోడ విన్నట్టు వింటున్నాను. విసుగూ లేదు, ఏడుపూ లేదు. వైరాగ్యమంటే ఇదే కదండీ? మంత్రోపదేశం చేసి, నన్నిక ఆశ్రమంలోనే ఉండనివ్వండి."

పక్షవాతం వచ్చిన అక్కకి తొమ్మిదేళ్లుగా ఒంటిచేత్తో చాకిరీ చేస్తున్న మనిషి. తను వచ్చేస్తే అక్కకి మరో దిక్కు లేదు. ఆ సంగతీ ఆమెకి ఎవరి ఇంటి కబురో అన్నట్టే ఉంది, పాపం.

"తిన్నావా?" అన్నారు అమ్మగారు.

తినాలంటే ముందు ఇన్సులిన్ పొడుచుకోవాలి. మంగతాయారు సంచిలోంచి ఇన్సులిన్ పెన్ను తీసి బొడ్డుకి ఎడమపక్క గుచ్చుకుంది. రెప్ప కూడా వాల్చలేదు.

"నెప్పి లేదుటే?"

"ఇక్కడైతే తెలియదండి. ఆరేళ్లుగా ఇదే చోటు." ఆ గొంతులో కాస్త గొప్ప కూడా ఉంది.

అమ్మగారు తడిమి చూస్తే రేగుపండంత గడ్డ తగిలింది. సూది చూస్తే పొడుగాటిది, వారం నుంచీ ఆ ఒక్కటే వాడుతోంది. ఒళ్లు బరువు కదా అని పెద్దది ఎంచుకుందట.

"మరి షుగరు దిగుతోందా?"

"ఎక్కడండీ! డాక్టరుగారు మోతాదు పెంచుతూనే ఉన్నారు. కాలి పుండూ మానడం లేదు."

"ముందా గడ్డ ఆయనకి చూపించి రా. నీ వైరాగ్యం సంగతి తరవాత."

ఉపదేశం అడిగితే ఆసుపత్రికి పంపారేమిటని మంగతాయారు చిన్నబుచ్చుకుంది. అయినా కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది.

వారానికి తిరిగొచ్చింది. గడ్డలో పొడిస్తే మందు ఒంటికి సరిగా అందదట. మంచి చోట పొడిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చని డాక్టరు మోతాదు తగ్గించాడు. నర్సు నాలుగు మిల్లీమీటర్ల సూదులిచ్చి, ఎంత లావు మనిషికైనా ఇవే చాలంది. ప్రతిసారీ కొత్త సూది వాడి, చోటు మార్చమంది.

అన్నం వేళకి మంగతాయారు కుడిపక్క గుచ్చుకుంది. చీమ కుట్టినంతే. "అబ్బా!" అంది. పది లెక్కపెట్టి పెన్ను తీసేసరికి కళ్లు నిండిపోయాయి. అంత చిన్న పోటుకి అంత ఏడుపెందుకో ఆమెకే అర్థం కాలేదు.

"పొద్దున అక్క మంచినీళ్లడిగిందండి. విని కూడా చాలాసేపు లేవలేదు" అంది వెక్కుతూ. అంతలోనే నీరసంగా, "ఆ రోజే ఉపదేశం ఇచ్చేసుంటే ఈ బాధంతా ఉండేది కాదు కదండీ" అంది.

వాడేసిన ఆ సూదిని అమ్మగారు డబ్బాలో వేయించి, మూత బిగించారు.

"మొద్దుబారిన చోట మందే పట్టలేదు. మంత్రం పట్టేదటే?"