పెడమొగం తాత వెలసిన వైనం

గోదావరి ఒడ్డున లాంచీ దిగి, వెదురు పొదల నడుమ సాగే కాలిబాట పట్టుకుని పైకి ఎక్కితే, రెండు వాగులు కలిసే చోటికి ఎగువన పెద్ద రాతి చరియ ఒకటి కనబడుతుంది. దాని కింద, పొడగరి మనిషికన్నా మరో మూరెడు ఎత్తున ఒక నల్లని శిల నిలిచి ఉంది. భుజాలు వెడల్పు. చేతులు మోకాళ్లు దాటి వేలాడుతుంటాయి. ఒళ్లంతా నాచు, నడివేసవిలో కూడా ఎండని నాచు, బొచ్చులా పట్టి ఉంటుంది. ఇప్పలమెట్ట వారు తరతరాలుగా కొలిచే పెడమొగం తాత ఈయనే.

తొలిసారి వచ్చిన భక్తులు శిల చుట్టూ తిరిగి ముఖదర్శనం చేసుకోవాలని చూస్తారు. అది కుదరదు. తాత మొగం కొండవైపు ఉంది. శిలకూ కొండకూ మధ్య అరచెయ్యి కూడా దూరదు. అద్దం పెట్టి చూడబోయిన వారున్నారు, సందులోకి ఫోన్ దూర్చబోయిన వారున్నారు. ఇకమీదట అటువంటి పనులు చేయవద్దని ఇక్కడి పూజారులు ఈ పుస్తకం ద్వారా గట్టిగా చెబుతున్నారు. ఆయన కోపంగా ఉన్నారు. ఆ కోపం న్యాయమైనది.

మరొక మాట కూడా ఇక్కడే చెప్పడం మంచిది. కొందరు పెద్దలు వచ్చి ఇది ఆంజనేయస్వామి రూపమేనని శిలకు సిందూరం పూసి, బోర్డు కట్టి వెళ్లారు. ఆంజనేయుడు మాకూ ఇలవేలుపే. రేవు దగ్గర ఆయనకు గుడి ఉంది, మంగళవారం పూజ ఉంది. తాత మాత్రం తాతే. ఆయనకు కొత్త పేరు పెట్టే పని ఎవరికీ లేదు.

పూర్వం ఇక్కడ ఇంత దారి కూడా ఉండేది కాదు. తేనెకూ, చెట్ల బంకకూ, విస్తళ్లు కుట్టే అడ్డాకులకూ వెళ్లే కొండవారు తప్ప ఈ చరియ దాకా వచ్చినవారు లేరు. అడవిలో తమతోపాటు మరొకరు ఉన్నారని వారికి తెలుసు. ఆయన మనిషిలాగే రెండు కాళ్ల మీద నడుస్తాడు. ఒళ్లంతా ఎలుగుకున్నట్టు నల్లటి బొచ్చు. తడి నేలమీద వెడల్పాటి పాదం గుర్తు, మడమ లోతుగా దిగి కనిపిస్తుంది. ఎప్పుడైనా ఎదురైతే కొండవారు చూపు దించుకుని దారి తొలగేవారు. ఆయనా అలాగే తొలగేవాడు. ఎవరికీ ఎన్నడూ హాని జరగలేదు. పేరు పెట్టి పిలవడం మర్యాద కాదని ఆయనను 'తాత' అనేవారు. చూసి వచ్చినవారు ఇంట్లో కూడా ఆ ముచ్చట ఎత్తేవారు కారు.

ఆ కాలంలో ఇప్పలమెట్టలో చుక్కమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె నోటికి ఊరంతా జంకేది. తప్పు చేసినవాడు మొగుడు పండన్నయినా, ఊరి పెద్ద అయినా సరే, ముఖం మీదే కడిగేసేది. అయితే మాట ఎంత కరుకో చెయ్యి అంత మెత్తన. ఆమె గుమ్మంలోకి ఆకలితో వచ్చి ఆకలితో పోయినవారు లేరు.

నెలలు నిండిన ఒంటితోనే చుక్కమ్మ ఒకనాడు అడ్డాకులకు వెళ్లింది. ఇంట్లో వద్దన్నారు. "ఆకులు నా కోసం ఆగుతాయా? నొప్పులొస్తే నడిచొస్తాను" అని బయల్దేరింది. మధ్యాహ్నానికి కొండ మీద కుండపోతగా వాన పట్టింది. రెండు వాగులూ పొంగి ఆమెను నడుమ ఇరికించాయి. అప్పుడే నొప్పులు మొదలయ్యాయి. వాన నుంచి తల దాచుకోవడానికి ఆమె మోకాళ్ల మీద పాకుతూ ఈ చరియ కిందికి వచ్చింది.

లోపల ఎవరో కూర్చుని ఉన్నారు. మొదట ఎలుగు అనుకుంది. అది ఎలుగు కాదు. కూర్చున్న తీరు మనిషిది, మోకాళ్ల మీద పెట్టుకున్న చేతులు మనిషివి, కళ్లు ముసలివాడి కళ్లు. ఆ కళ్లు ఆమె కడుపును చూశాయి. తాత మెల్లగా లేచి, తాను కూర్చున్న పొడి చోటును ఆమెకు వదిలి, చరియ అంచుకు వెళ్లి వానలో కూర్చున్నాడు, ఆమెకు వీపు పెట్టి. గాలీ జల్లూ ఆ వీపుకే తగిలాయి, లోపలికి రాలేదు. వాగు పక్కన చిరుత గాండ్రించినప్పుడు ఆయన గొంతులోంచి ఉరుము వంటి చప్పుడు ఒకటి వచ్చింది. చిరుత మళ్లీ పలకలేదు. పురిటి స్త్రీని చూడరాదని ఆయనకు ఎవరు నేర్పారో ఎవరికీ తెలియదు. ఆమె ఎన్ని కేకలు పెట్టినా ఆయన ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

పొద్దు వాలక ముందే ఆడబిడ్డ పుట్టింది. వాగులు తగ్గి, పండన్న వెతుక్కుంటూ వచ్చేసరికి చుక్కమ్మ పక్కన అప్పుడే తవ్విన అడవి దుంపల కుప్ప ఉంది. తాత లేడు.

ఊరి ముసలమ్మలు బిడ్డకు నీళ్లు పోసి, తల్లి చెవిలో చెప్పారు: "చూసింది కడుపులో పెట్టుకోవే." చుక్కమ్మ కడుపులో పెట్టుకోలేకపోయింది. ఇంత మంచిని దాచుకోవడం దొంగతనంలా తోచింది ఆమెకు. సంతలో ఆకులు అమ్ముతూ అందరికీ చెప్పింది. విన్నవారు కొందరు దణ్ణం పెట్టారు. చాలామంది నవ్వారు. పురిటి మైకంలో ఎలుగును చూసి మనిషనుకుంది అన్నారు. కొందరు అంతకన్నా నీచంగా, బిడ్డ ఒంటిమీద బొచ్చు ఉందేమో చూడండి అన్నారు. ఆ మాట అన్నవాడిని చుక్కమ్మ తక్కెడతో కొట్టింది. తగవు కొండ కింద మేడపాలెం కోటకు చేరింది.

ఈ కొండల మీద అప్పటి పెత్తనం జగ్గరాజు దొరది. ఆయన పులులను కొట్టాడు, దున్నలను కొట్టాడు. కొట్టడానికి ఇంకేమీ మిగల్లేదని విసుగుతో ఉన్నాడు. అడవిమనిషిని వలవేసి పట్టుకుని పై రాజుకు కానుకగా పంపితే తన పేరు నలుదిక్కులా మోగుతుందని ఆయనకు ఆశ పుట్టింది. చుక్కమ్మను పిలిపించి, కొలువులో నిలబెట్టి, జరిగింది చెప్పించాడు. చెప్పినకొద్దీ కొలువంతా నవ్వింది. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ నవ్వారు.

"చోటు చూపిస్తావా, అబద్ధమని ఒప్పుకుని నాలుకకు వాత పెట్టించుకుంటావా?" అన్నాడు దొర.

అబద్ధమని ఒక్క మాట అనేస్తే తాత బతికిపోయేవాడు. కాని చుక్కమ్మ ఒళ్లు అప్పటికే మండిపోతోంది. చంకలో బిడ్డ, చుట్టూ పళ్లికిలించే మొగాలు. "నాకు అబద్ధాలాడే పుట్టుక కాదు దొరా! చూపిస్తాను. దూరం నుంచి చూసి, దణ్ణం పెట్టుకుని తిరిగొస్తామని ముందు దీపం మీద ఒట్టెయ్యండి" అంది. జగ్గరాజు ఇలవేలుపు దీపం మీద చెయ్యి పెట్టి, అందరూ చూస్తుండగా ఒట్టు వేశాడు.

చలికాలం మొదట్లో, బాగా పొద్దెక్కాక, వారు చరియ దగ్గరికి వచ్చారు. ముందు చుక్కమ్మ, ఆమె వెనుక పండన్న, ఆ వెనుక దొర, బంట్లు. దేవుడికి నైవేద్యమని బంట్లు మూటలు మోసుకొచ్చారు. చుక్కమ్మ చెయ్యెత్తి చోటు చూపించి, బిడ్డను పండన్న చేతికిచ్చి, కొంగు పరచి మోకరిల్లింది. వెనుక మూటలు విప్పిన చప్పుడైంది. వాటిలో ఉన్నవి ఎండుగడ్డి, ఎండుమిరపకాయలు, వలలు.

ఉడుముకు పెట్టినట్టు తాతకు పొగ పెట్టారు. మిరపఘాటు చరియ కిందికి కమ్మింది. లోపలినుంచి దగ్గు వినిపించింది, ముసలివారు దగ్గే దగ్గు. చుక్కమ్మ మంటల మీద పడి, మండే గడ్డిని వట్టి చేతులతో లాగి పారేసింది. బంట్లు ఆమెను జుట్టు పట్టి ఈడ్చారు. అడ్డం వచ్చిన పండన్నను బల్లెం కర్రతో కొట్టారు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.

తాత బయటికి వచ్చాడు. కళ్లవెంట ధారలు కారుతున్నాయి. వల విసిరితే నూలుపోగుల్లా తెంపాడు. పక్కనున్న బండను రెండు చేతులతో తలమీదికి ఎత్తాడు. బంట్లందరూ బోర్లా పడ్డారు. ఆ బండ వదిలితే పల్లంలో ఉన్న ఒక్కడూ మిగిలేవాడు కాదు. దొరకు వెనుకగా, అదే పల్లంలో, బిడ్డ ఏడుపు వినబడుతోంది. తాత ఆ ఏడుపు విన్నాడు. ఎత్తిన బండను తిరిగి నేలమీద పెట్టాడు, చప్పుడు కాకుండా.

ఆ క్షణాన జగ్గరాజు బాణం వేశాడు.

బాణం భుజంలో దిగింది. తాత అక్కడున్నవారందరినీ ఒక్కొక్కరిగా చూశాడు. చుక్కమ్మను కూడా చూశాడు. ఆ చూపుకన్నా బాణం తనకు తగిలినా బాగుండేదని ఆమె బతికినన్నాళ్లూ చెప్పేదట. తరువాత ఆయన వెనుదిరిగి, కొండకు మొగం ఆనించి, నిలబడిపోయాడు. దొర వేసిన రెండో బాణం ఆ వీపుకు తగిలి నిప్పు రవ్వలు రాల్చి విరిగింది. బంట్లు దగ్గరికి వెళ్లి తాకి చూస్తే రాయి.

చుక్కమ్మ లేచింది. కాలిన చేతులతో దొర ఎదుటికి వచ్చింది. ఆ కొండమీద దొరను 'నువ్వు' అన్నవారు అప్పటిదాకా లేరు.

"ఒట్టు తిన్న నోటితో అన్నం ఎట్లా తింటావురా? వానొస్తే నాకు చోటిచ్చాడు ఆయన. నీ కోట చూరు కింద ఏనాడైనా నన్ను నిలబడనిచ్చావా? బాలింతకు దుంపలు తవ్విపెట్టాడు. నువ్వు మా దుంపల్లో కూడా భాగం లాక్కున్నావు. బిడ్డ ఏడిస్తే బండ దించాడు. బండ దించినవాణ్ణి కొట్టావు. మీ ఇద్దరిలో మృగం ఎవర్రా?"

ఆమె ఆగలేదు. గొంతు బొంగురుపోయినా ఆగలేదు. పట్టుకోండని దొర అరిచాడు. ఏ బంటూ కదల్లేదు; ఒకరిద్దరు తలగుడ్డలు విప్పి మొగాలు దాచుకున్నారు. జగ్గరాజు ఒంటరిగా కొండ దిగాడు.

ఆ పూట నుంచి ఆయనకు ముద్ద మింగుడుపడలేదు. నోట్లో ఏది పెట్టుకున్నా మిరపపొగ ఘాటే. పాలు తాగినా దగ్గే. వైద్యులు వచ్చారు, శాంతులు చేశారు. దొర ఎండుకట్టెలా అయ్యాడు.

చుక్కమ్మ కూడా తినలేదు. శిల వెనుక కూర్చుని తాతతోనే పోట్లాటకు దిగింది. "నామీద కూడా కోపమా? అయితే తిట్టు. కొట్టు. అంతేగాని మొగం తిప్పుకోకు" అని రాతి వీపును గుద్దింది. గుద్ది గుద్ది అలసి, దానికే ఆనుకుని ఒక మధ్యాహ్నం కునుకు తీసింది. ఆ కునుకులో తాత మాట వినబడింది.

"నీ మీద లేదు బిడ్డా. అయినా ఇటు తిరగను. తిరిగితే చూడ్డానికొస్తారు. చూడ్డానికొచ్చినవాళ్ల వెంటే పట్టేవాళ్లూ వస్తారు. నువ్వు మాత్రం నీ కోపం చల్లారనివ్వకు. ఏడాదికొకసారి ఆ దొరను నేను వినేట్టు తిట్టు. నిలబడి విన్నవాడికి అన్నం సహిస్తుంది."

కబురు కోటకు వెళ్లింది. జగ్గరాజు చెప్పులు లేకుండా, తలపాగా లేకుండా, ఇద్దరి భుజాల మీద చేతులు వేసుకుని కొండ ఎక్కి వచ్చాడు. చుక్కమ్మ పొయ్యి రాజేసి జొన్నజావ ఎసరు పెట్టి, అది ఉడికేదాకా ఆయనను తిట్టింది. ఆయన తల వంచుకుని విన్నాడు. జావ ఆకు దొన్నెలో పోసి ఇచ్చింది. అది ఆయన గొంతు దిగింది. దొర కన్నీళ్లు పెట్టుకుని ఆమె కాళ్లకు దణ్ణం పెట్టబోతే, చుక్కమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది.

"ఆకలన్నావు, పోశాను. క్షమించానని మాత్రం ఎక్కడా చెప్పుకోకు" అంది.

నాటినుంచి కార్తీకం వెళ్లిన తొలి ఆదివారం ఇక్కడ తిట్ల జాతర జరుగుతోంది. చుక్కమ్మ వంశపు ఆడపడుచులు శిల వెనుక పొయ్యి పెట్టి జావ వండుతారు. మేడపాలెం దొరల ఇంటివారు ఒకరు చెప్పులు విడిచి నిలబడాలి. జావ ఉడికేవరకు తిట్లు ఆగకూడదు. ఈ మధ్య ఆ తిట్లలో కొండను పేల్చేవారు, వెదురును బోడిచేసేవారు, తాతను ఫొటో తీస్తామని చెట్లకు కెమెరాలు కట్టినవారు కూడా చేరారు. వారు రారు, అయినా తాత వింటాడని నమ్మకం.

అబద్ధాలకోరులని నింద పడినవారు, మింగిన కోపంతో అన్నం సహించనివారు ఇక్కడ నోరారా తిట్టి, జావ తాగి వెళితే మనసు తేలికవుతుందని పెద్దలు చెబుతారు. నెలలు నిండిన ఆడవారు శిల వీపును తాకి వెళితే సుఖప్రసవం అవుతుంది. బంకకు వెళ్లి వచ్చినవారిని అడవిలో ఏం చూశారని భక్తులు అడగరాదు. అడిగినా వారు చెప్పరు.

నిరుటి జాతరలో దొరల ఇంటినుంచి వచ్చినవాడు రాజమండ్రిలో లెక్కలు చెప్పే మాస్టారు, నెమ్మదస్తుడు. తిట్టే వంతు ముసలి గంటమ్మది. సగంలో ఆమెకు ఊపిరి అందక దగ్గు తెర వచ్చింది. మాస్టారు తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత విప్పి అందించాడు. గంటమ్మ గటగటా తాగింది, మూతి తుడుచుకుంది, సీసా తిరిగి ఆయన చేతిలో పెట్టి, ఆపినచోటి నుంచే మళ్లీ అందుకుంది.